అనుమానంతో దిద్దిన పేపర్లు

రిటైరై నాలుగేళ్ళయింది. మొన్నామధ్య మా పాత కాలేజీలో కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరరు ఒకమ్మాయి పటమటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిల్లలు వ్యాసాలన్నీ ఫోన్‌తో రాయించుకుని తెస్తున్నారనీ, ఎవరు రాశారో ఎవరు రాయించారో తేలడం లేదనీ, పట్టుకునే కిటుకేదైనా ఉంటే చెప్పమనీ అడిగింది. నా దగ్గరికే ఎందుకు వచ్చావమ్మా అంటే, కాపీలు పట్టడంలో నాకు పేరుందని స్టాఫ్ రూములో చెప్పారట. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెబితే చివరికి మిగిలిన పేరు అది.

కాఫీ ఇచ్చి, రెండు ముక్కలు చెప్పి పంపించాను. ఆమె వెళ్ళాక ఆలోచిస్తే ఆ రెండు ముక్కల్లో ఒకటి అబద్ధమనిపించింది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. ప్రమోషన్లు, పే స్కేళ్ళు, తనిఖీ బృందాల కోసం తయారుచేసే ఫైళ్ళు ఇందులో ఉండవు. వాటి గురించి ఆఫీసు వాళ్ళు మీరు వద్దన్నా చెబుతారు.

ఉద్యోగం వచ్చిన తీరు

మాది కూచిపూడి దగ్గర పల్లె. కాస్త పొలం ఉన్న కుటుంబం. చుట్టుపక్కల పిల్లల కాళ్ళకు గజ్జెలుంటే నా చేతిలో గైడుండేది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు ఎమ్మే ఎలా ప్యాసయ్యానని అడిగితే ఒక్కటే మాట, బట్టీ. నాటకాలు చదవకుండానే వాటిమీద వ్యాసాలు చదివాను. నవలల్లో మనుషులు ఎలా ఉంటారో తెలియదు కానీ, వాళ్ళ స్వభావం గురించి ఆరు పాయింట్లు గడగడా చెప్పగలిగేవాణ్ణి.

ఉయ్యూరులో ఒక ట్యుటోరియల్‌లో నాలుగేళ్ళు చెప్పాక బెజవాడ కాలేజీలో ఇంటర్వ్యూకి పిలిచారు. హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంట్ రామలింగేశ్వరరావు గారు విషాద నాటకాల మీద ఏదో అడిగారు. గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యమధ్యలో పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి నవ్వు ఆపుకుంటున్నారని అనుమానం వచ్చింది. ఉద్యోగం మాత్రం వచ్చింది.

చేరిన రోజున నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పారు.

“ఆ గైడు నేనే రాశానయ్యా, వేరే పేరు పెట్టి. ఒక్క కామా కూడా జారనివ్వలేదు నువ్వు.”

మెచ్చుకున్నారో ఎత్తిపొడిచారో ఇప్పటికీ తెలియదు. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్ళూ ఏది మెచ్చుకోలో ఏది దెప్పో తేల్చుకోలేకపోయాను. ఆయన నాకు నేర్పిన వృత్తిధర్మం ఒక్కటే. ఏ పేపరూ పిల్లలది కాదు, అది ఎవరిదో కనిపెట్టడమే మన పని. గైడు రాసినవాడి నోట, గైడు బట్టీపట్టిన నాకు అది వేదవాక్కులా వినిపించింది.

నా హాబీ

రిటైర్మెంటు సభలో మాట్లాడినవాళ్ళంతా నాకు పుస్తకాల పిచ్చి అని పొగిడారు. ప్రతి ఆదివారం నేను లెనిన్ సెంటర్లో పాతపుస్తకాల కొట్ల ముందు కనిపించేవాణ్ణి, నిజమే. కొన్నది మాత్రం సాహిత్యం కాదు. గైడులు. తమిళనాడువి, ఒరిస్సావి, అట్టలు ఊడినవి, పేజీలు చిరిగినవి, అన్నీ కొన్నాను. మా ఇంట్లో రెండు బీరువాలు వాటితోనే నిండాయి. పేపరు దిద్దుతూ ఒక వాక్యం దగ్గర ఆగి, బీరువా తెరిచి, ఆ వాక్యం ఉన్న పేజీ తీసి బల్ల మీద పెడితే కలిగే సంతోషం ఇంకెందులోనూ కలగలేదు నాకు.

ఒక ఏడాది రైలు ప్రయాణం మీద వ్యాసం ఇచ్చాం. సెక్షన్‌లో అరవైమంది ఒకే రైలెక్కారు. ఒకే కిటికీ పక్కన కూర్చున్నారు. ఒకే ముసలాయనకు మంచినీళ్ళిచ్చారు. వాళ్ళలో సగంమంది ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి కూడా చూసినవాళ్ళు కాదు. క్లాసులో గైడు తెరిచి ఆ ముసలాయన్ను వాళ్ళకు చూపించాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. అలా నాకు పేరొచ్చింది.

మా ఆవిడ మాత్రం ఈ వైభోగాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. అనుమానం పెనుభూతమండీ అనేది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న చెప్పిన వయసు నమ్మక నేను స్కూలు సర్టిఫికెట్ అడిగించిన సంగతి ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. ఇప్పుడు మేడ మీద కుండీల్లో మిరప, వంగ పెంచుతున్నాను. నర్సరీ వాడు వంగ నారని ఇచ్చింది వంగేనా కాదా అని కాయ కాసేదాకా కాపలా కాస్తున్నానని ఆమె ఫిర్యాదు. అది నిజమే.

రత్నకుమారి

ఇది పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికి నేనే హెడ్‌ని. మాది అటానమస్ కాలేజీ కాబట్టి ప్రశ్నపత్రాలు మేమే ఇచ్చుకుని, మేమే దిద్దుకునేవాళ్ళం. బీయే రెండో ఏడు ఇంటర్నల్ పరీక్షలో ‘మరిచిపోలేని ఒక రోజు’ అని వ్యాసం అడిగాను. గైడులన్నిటిలో దానికి విహారయాత్రో, బహుమతి ప్రదానోత్సవమో ఉంటుందని తెలిసే అడిగాను.

రత్నకుమారి అనే అమ్మాయి పేపరు నా చేతికొచ్చింది. ఉయ్యూరు అవతల పల్లె. తండ్రి చెరుకు కొట్టే కూలీ. ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. క్లాసులో చివరి బెంచీ, నోరు విప్పినట్టు గుర్తులేదు. ఆ అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. చిన్నచిన్న వాక్యాలు. ఒక్కదానిలోనూ తప్పు లేదు. మా పిల్లలు రాసే ఇంగ్లీషు కాదది, గైడుల ఇంగ్లీషూ కాదు. ఒక వాక్యం వచ్చి నిలబడుతుంది, దాని వెనక ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. అలాంటి నడక నేనెక్కడా చూడలేదు.

బీరువాలు రెండూ వెతికాను, దొరకలేదు. దొరకకపోవడంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. నాకు తెలియని గైడు ఏదో బజారులోకి వచ్చిందనుకున్నాను. రెండు ఆదివారాలు లెనిన్ సెంటర్లో కొట్టుకొట్టూ తిరిగాను. పేపరును ఇరవైసార్లు తిరగేసి, ఎర్రసిరాతో వాక్యాల కింద గీతలు గీశాను. చివరికి సున్నా వేసి మాల్‌ప్రాక్టీస్ కమిటీకి పంపాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అదే పేపరు లబ్బీపేట డాక్టరు గారి అమ్మాయి రాసి ఉంటే ‘భేష్’ అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. బీరువా తాళం తీసేవాణ్ణే కాదు.

కమిటీలో ప్రిన్సిపాల్ గారు, కామర్స్ సుబ్బారావు గారు, నేను. నేరం రుజువైతే ఆ ఏడాది పరీక్షలు రద్దు. ఏడాది పోతే హాస్టల్ సీటు పోతుంది. హాస్టల్ పోతే ఆ అమ్మాయి చదువు అక్కడితో సరి. ఇదంతా ప్రిన్సిపాల్ గారు ఆమెకు విడమరిచి చెప్పారు. ఆమె తానే రాశానంది. ఇలాంటి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరు నేర్పారు అని ముగ్గురం మార్చిమార్చి అడిగాం. తలొంచుకుని నిలబడింది. నేరస్థులు అలాగే నిలబడతారని నాకు అప్పటికే ఇరవయ్యేళ్ళ అనుభవం.

ప్రిన్సిపాల్ గారు రెండు వారాలు గడువిచ్చారు. ఆ అమ్మాయి నోరు విప్పకపోయినా సరే, ఆధారం లేకుండా సంతకం పెట్టనని నాతో చెప్పారు. ఆయన మంచివాడని కాదు. ఎవరైనా కోర్టుకెళతారేమోనని భయం. ఆయన భయమే ఆ అమ్మాయిని కాపాడిందని తరువాత అర్థమైంది.

పందిట్లో

హాస్టల్ రిజిస్టర్లో అడ్రసు తీసుకుని, ఒక ఆదివారం పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కాను. ఆ ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరెవరో కూర్చుని పిల్లలకు వ్యాసాలు రాసిపెడుతున్నాడనీ, వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చనీ నా లెక్క. ఫ్యాక్టరీ ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆటో మాట్లాడుకుని ఆ పల్లె చేరేసరికి మైకు వినిపించింది. ఇంగ్లీషు. ఒక్క వాక్యం ఇంగ్లీషు, వెంటనే ఒక్క వాక్యం తెలుగు.

చర్చి ముందు పందిరి వేసి సభలు జరుపుతున్నారు. కేరళ నుంచి వచ్చిన బోధకుడు ఇంగ్లీషులో చెబుతున్నాడు. పక్కన రెండో మైకు దగ్గర తల మీద చెంగు కప్పుకుని రత్నకుమారి నిలబడి ఉంది. ఆయన వాక్యం చివరి మాట అనేలోపే ఈ అమ్మాయి తెలుగులో అందుకుంటోంది. ఆయన గొంతు పెంచితే తానూ పెంచుతోంది. ఆయన ఆగితే తానూ ఆగుతోంది. ఆయన తమ కేరళ పడవల మీద ఏదో ఛలోక్తి విసిరితే, దాన్ని చెరుకు బండి మీదికి మళ్ళించింది. పందిరంతా నవ్వింది. బోధకుడు తన ఛలోక్తి పండిందని మురిసిపోయాడు.

పందిరి వెనకాల చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ జరిగి నాకు చోటిచ్చింది. మీది ఏ సంఘమండీ అని అడిగింది. బెజవాడ అన్నాను. అది సంఘం పేరనుకుందో ఏమో, తల ఊపింది. ఆ అమ్మాయెవరని అడిగాను.

“మా రూతమ్మండీ. కాలేజీలో రత్నకుమారంటారంట. పాస్టరు గారికి గొంతు పోయిన కాడ్నించీ నాలుగేళ్ళబట్టీ ఆ పిల్లే చెబుతుందండీ.”

నేను పాతికేళ్ళుగా వెతికే గైడు ఆ పందిట్లో మైకు ముందు నిలబడి ఉంది. ఆ వాక్యాలు ఎందుకంత పొట్టివో అప్పుడు తెలిసింది. ఒక మనిషి పట్టుకుని ఇంకొకరికి అందించడానికి వీలైనంత పొడవే ఉన్నాయవి. నాలుగేళ్ళపాటు ఊరి ముందు నిలబడి, ఒక్కటి తప్పితే వందమంది తల తిప్పి చూస్తారన్న భయంతో నేర్చుకున్న ఇంగ్లీషు. మా క్లాసులో అంత భయంతో, అంత శ్రద్ధతో ఎవరూ ఎన్నడూ వినలేదు.

అంతలో ఆమె నన్ను చూసింది. బోధకుడి వాక్యం గాలిలో ఉండిపోయింది. ఆయన మళ్ళీ చెప్పాడు. అప్పటికి తేరుకుని అందుకుంది. ఆ తరువాత నావైపు చూడలేదు.

సభ అయ్యాక తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. తప్పు నాదేననీ, కమిటీలో చెప్పి కేసు కొట్టేయిస్తాననీ అన్నాను. రత్నకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

“చెప్పొద్దు సార్. కాపీ కొట్టానని రాసేసుకోండి. నా చదువు ఆగితే ఆగనియ్యండి. ఇది కాగితం మీదకెక్కితే తమ్ముడి సర్టిఫికెట్ దాకా పోతుంది.”

తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సంవత్సరం పోతే పోయిందండీ. కాగితం పోతే మాకేం మిగలదండీ.”

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సర్టిఫికెట్లో ఆమె రత్నకుమారి, హిందువు, షెడ్యూల్డ్ కులం. ఇంట్లో రూతు, ఆదివారం చర్చి. మతం మారినట్టు కాగితాల్లోకి ఎక్కితే ఆ కుల సర్టిఫికెట్ చెల్లదు. హాస్టల్ సీటూ, ఫీజూ, రేపటి ఉద్యోగమూ అన్నీ దానిమీదే నిలబడి ఉంటాయి. కులం మాత్రం ఏ చర్చికెళ్ళినా ఊళ్ళో అలాగే ఉంటుంది. డెల్టాలో ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరంతే. ఎక్కడ నేర్చుకున్నావని మేం అడిగినప్పుడు ఆ అమ్మాయి ఎందుకు తలొంచుకుందో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

తిరుగు బస్సులో నా బుద్ధి ఊరుకుందా? అయితే అసలు మోసం ఇదన్నమాట అంది. ఇన్నేళ్ళూ చిన్న దొంగల్ని పట్టావు, ఇప్పుడు పెద్ద దొంగతనం దొరికింది అంది. కంకిపాడు వచ్చేదాకా ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉన్నా, అది జరిగింది కాబట్టి రాస్తున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. వేరే పేరు పెట్టుకుని గైడు రాసిన పెద్దమనిషి కింద పనిచేసి, ఆయన రాసింది అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. బతకడానికి రెండు పేర్లు పెట్టుకున్న పిల్లను నేను దొంగ అనాలా?

మినిట్స్ బుక్కు

కమిటీ మళ్ళీ కూర్చున్నప్పుడు ఆధారమేదీ దొరకలేదని చెప్పి, ఆ అమ్మాయిని మన ముందే పరీక్షిద్దామన్నాను. ప్రిన్సిపాల్ గారు బల్ల మీదున్న ఇంగ్లీషు పేపరు తీసి, తెలుగులో చెప్పమని సంపాదకీయం చదవడం మొదలుపెట్టారు. కూర్చోమంటే ఆ అమ్మాయి కూర్చోలేదు. ఒక్కో వాక్యం చదివి ఆగమని ఆయన్ను అడిగింది. ప్రిన్సిపాల్ గారికి ఇంకొకరు చెబితే ఆగడం అలవాటు లేదు. అయినా ఆగారు. ఆయన ఇంగ్లీషు వాక్యం, ఈమె తెలుగు వాక్యం. బడ్జెట్ మీద రాసిన పొడి సంపాదకీయం ఆమె నోట మనుషులు మాట్లాడుకునే మాటయింది. సుబ్బారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

అయిదో వాక్యం దగ్గర ప్రిన్సిపాల్ గారు పేపరు మడిచేశారు. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ఈసారి మెత్తగా అడిగారు. ఆమె తల మళ్ళీ కిందికి వాలింది.

“నా క్లాసులోనే సార్,” అన్నాను.

అబద్ధం చెప్పడం అంత తేలికని అప్పటిదాకా నాకు తెలియదు. ప్రిన్సిపాల్ గారు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. కేసు కొట్టేస్తున్నట్టూ, ఇంగ్లీషు శాఖ బోధన శ్లాఘనీయంగా ఉన్నట్టూ మినిట్స్ బుక్కులో రాయించారు. దానికింద సంతకం నాదే. ఒక పల్లె చర్చి నేర్పిన చదువును నా పేర వేసుకున్నాను. ముప్పై మూడేళ్ళలో ఎందరినో కాపీకి పట్టాను కానీ, అంత పెద్ద కాపీ ఎవరూ కొట్టలేదు. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ ఆ మాటే అంటాను.

ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్ళకు అనుమానం వదిలెయ్యమని చెప్పను. వదిలితే వారంలో మిమ్మల్ని అమ్మేస్తారు. ఇప్పుడైతే ఫోన్లు కూడా తోడయ్యాయి. మీ పైవాళ్ళను అనుమానించండి, పొగిడేవాళ్ళను మరీ అనుమానించండి. నా బోటివాడు చెప్పే సలహాను కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఎదురుగా ఉన్న పేపరులో ఏముందో తెలుసుకోకుండా మాత్రం అది ఎవరిదని అడగకండి. ఇంటికొచ్చిన ఆ లెక్చరరమ్మాయికి ఇది మింగేసి, ముందు ఎవరిదో కనిపెట్టమన్నాను. నేను చెప్పిన అబద్ధం అదే.

ఆ రోజు కమిటీ గది బయట వరండాలో రత్నకుమారి నా కోసం ఆగింది. దండం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

“మరి నా పేపరు దిద్దుతారా సార్?”

దిద్దానుగా అనబోయి ఆగాను. వేసింది సున్నా. దిద్దుతానమ్మా అని చెప్పి, స్టాఫ్ రూముకెళ్ళి తలుపు దగ్గరికి వేసి, కమిటీ ఫైల్లోంచి ఆ నాలుగు పేజీలు తీశాను. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టి, ఈసారి దేనితోనూ పోల్చకుండా చదివాను.

చెరుకు కోతల రోజు. తొమ్మిదేళ్ళ పిల్ల తల్లితో పాటు తోటకెళ్ళింది. తల్లిని పాము కరిచింది. తండ్రి ఆమెను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. మొదటి బస్సు ఆగలేదు. రెండో బస్సు ఆగలేదు. మూడోది ఆగింది, కండక్టరు ఎక్కనివ్వలేదు. పిల్ల చేతిలో చెరుకు కొట్టే కత్తి ఉంది. తల్లి కళ్ళు తెరిచి, కత్తి మేస్త్రీది, పోగొట్టకమ్మా అంది. ఆ తరువాత ఇంకేమీ అనలేదు.

తల్లి చివరి మాట ఉన్న ఆ వాక్యం కింద నేను ఎర్రసిరాతో రెండు గీతలు గీసి ఉన్నాను. పక్కన మార్జిన్‌లో నా చేతిరాతే ఉంది: ‘ఇది ఎక్కడి నుంచి ఎత్తింది?’